నాకు మంచి కాగితమే వచ్చింది

ఏడో తరగతిల నేను రెండేండ్లు కూసున్న. మూడో ఏడు సుత కూసుంటనని పోతే, సారు రెండు చేతులు జోడించి "నాయినా, ఆ బెంచికి సుత పానం ఉంటది" అన్నడు. బెంచి మీద జాలిపడి బడి మానేసిన. ఇప్పుడీ ముచ్చట సుత చేత్తోటి రాస్తలేను. నేను ఫోన్‌ల మాట్లాడుతుంటే అదే అక్షరాలు పెట్టుకుంటున్నది. తప్పులుంటే ఫోన్‌వి, మంచిగుంటే నావి.

మాది బోధన్ దిక్కు ఊరు. చుట్టూ చెరుకు, వరి, అక్కడక్కడ పసుపు. నా దగ్గర పసుపు ఉడకపెట్టే బాయిలర్ బండి ఉంది. పసుపు తవ్వినంక రైతులు పిలుస్తరు, చేను కాడికి బండి గుంజుకపోత. కొమ్ముల పుల్ల గుచ్చి సూస్తే ఉడికిందీ లేనిదీ తెలుస్తది. పుల్ల గుచ్చేటోనికి చదువెందుకని ఇన్నేండ్లు గడిపిన. ఎవలన్న కాగితం చేతికిస్తే "అద్దాలు ఇంటికాడ మరిచిపోయిన, జర నువ్వే సదువన్నా" అనేటోన్ని. నాకు అద్దాలు ఎన్నడూ లేవు.

నా బిడ్డ పదో తరగతికి వచ్చింది. పాఠం ఒక్కపారి వింటే చాలు, సారు దగ్గిన కాడ తను సుత దగ్గి మొత్తం ఒప్పజెప్తది. గదే పాఠం పుస్తకంల సూసి సదువుమంటే మాత్రం నుదుటికి చెమటలు పడతయి. ఒక లైన్ల మొదలుపెట్టి ఇంకో లైన్ల తేలుతది. పరీక్షల సగం పేపర్ తెల్లగనే ఉంటది. సార్లేమో తెలివుంది గని మనసు పెట్టదన్నరు. మా ఇంటామె బాధపడ్డది. నేను మాత్రం "మా ఖాందాన్ బద్ధకం, నెత్తురుల వచ్చింది" అని నవ్విన. నలుగురిల నవ్వుతే పని అయిపోయినట్టే నాకు.

అప్పుడు బడికి ఒక మేడం వచ్చింది. కాలువ నీళ్ల ఎంబడి కోస్తా నుంచి వచ్చి మా దిక్కు భూములు కొన్నోళ్ల మనవరాలు. తాతల కాలంల వచ్చిండ్రు గని మాటల 'అండీ' ఇంకా తడి ఆరలే. డిచ్‌పల్లి యూనివర్సిటీల పరిశోధన చేస్తున్నదట, సదువు ఎంతకీ ఎక్కని పిల్లలకు ఎట్ల చెప్పాలె అని. నేను హోటల్ కాడ కూసొని "సదువు రాని పిల్లల మీద పెద్ద సదువు సదువుతున్నదంట, మా అసొంటోళ్లు లేకపోతే ఈమెకు డిగ్రీ ఎట్ల వస్తది" అన్న. అందరు నవ్విండ్రు.

నా బిడ్డతోని ఇంకో ఆరుగురిని వారానికి మూడు దినాలు కూసోబెట్టుకునేది. పళ్లెంల ఇసుక పోసి, నోటితోని పలుక్కుంట వేలితోని అక్షరం గీయిస్తది. పెద్ద మాట వస్తే చెరుకును కణుపు కాడ నరికినట్టు ముక్కలు చేసి చూపిస్తది. ఒక అట్టముక్కకు సన్నగ కిటికీ లెక్క కోసింది. అది పేజీ మీద పెడితే ఒక్క లైనే కనవడుతది, మిగతా లైన్లు వచ్చి మీద పడవు. పిల్ల ఎన్ని మాటలు సదివింది, యాడ ఆగింది, అన్నీ నోట్‌బుక్కుల రాసుకుంటది. ఒక పద్ధతి పనిచెయ్యకపోతే తప్పు పిల్లదని రాయదు, పద్ధతిదని రాస్తది. ఇది నాకు కొత్త. మా కాలంల పద్ధతి ఒక్కటే ఉండె, బరిగె. అది పనిచెయ్యకపోతే తప్పు మా వీపుది.

మూడు నెలలకు నా బిడ్డ బస్సు బోర్డు సదివింది. కొద్దిసేపు పట్టింది, బస్సు పోయింది, గని సదివింది.

గప్పుడు మేడం మా ఇంటికి వచ్చింది. "అన్నగారూ, మీ అమ్మాయిది బద్ధకం కాదండీ. బుర్ర బాగుంది, అక్షరాలు మాత్రం తనకి వేరేగా అందుతాయి. నిజామాబాద్ ఆస్పత్రిలో పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే పదో తరగతి పరీక్షల్లో తను చెబుతుంటే రాయడానికి ఒక మనిషినిస్తారు, గంట టైమ్ ఎక్కువిస్తారు. ఆ ఆస్పత్రి పరీక్షకి దరఖాస్తు పెట్టడానికి శనివారమే ఆఖరు. మీ సంతకం కావాలి" అన్నది.

నేను పెట్టనన్న. "పసుపు బస్తాకు గుర్తేస్తం మేడం, పిల్లకు ఎయ్యం."

"గుర్తు వెయ్యకముందే క్లాసులో అందరూ మొద్దు అంటున్నారు కదండీ. దానికి సర్టిఫికెట్ ఎవరిచ్చారు?"

నేను ఎప్పటి లెక్కనే నవ్విన. ఆమె చాయ తాగకుండనే లేచింది. బిడ్డ అర్రలకు పోయి తలుపు దగ్గరికేసుకున్నది. మూడు దినాలు నాతోని కలిసి తినలే. మా ఇంటామె అన్నం పెట్టింది గని మాట పెట్టలే. శనివారం పొద్దుగాల ఒక్కటే అన్నది: "నువ్వు నవ్వితే ఊరు నవ్వుతది. దాని పేపర్ ఎవలు నింపుతరు? సంతకం పెట్టనన్న ముచ్చట నాకు కాదు, బడికి పోయి దాని ముందట చెప్పు."

పోయిన. ఆ దినం పిల్లల తల్లిదండ్రులను అందరిని పిలిచిండ్రు. పెద్దసారు, అయిదుగురు తల్లులు, ఒక చెరుకు రైతు, నేను. పిల్లలు గోడ పొంటి కూసున్నరు. మేడం అందరికి తలా ఒక కాగితం ఇచ్చి "రెండు నిమిషాలు. చదవండి, తర్వాత నేను అడుగుతాను" అన్నది.

కాగితం నిండ అక్షరాలు. పెద్దసారు మొదటి లైన్ల ఆగిండు, ఎన్కకు పోయిండు, మళ్ల మొదటికొచ్చిండు. చెరుకు రైతు అద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నడు, మళ్ల తీసిండు. ఒక తల్లి "ఇది మిషిన్ల తప్పు పడ్డది మేడం, వత్తులన్నీ ఒకదాంది ఇంకోదానికి పోయినయి" అన్నది. ఇంకొకామె తల పట్టుకున్నది, "కండ్లు తిరుగుతున్నయి."

నాకు ఎవలి బాధ అర్థం కాలే. కాగితం ఇటు తిప్పి అటు తిప్పి సూసిన. "నాకు మంచి కాగితమే వచ్చింది మేడం. రోజటి లెక్కనే ఉంది" అన్న.

అందరు పడి పడి నవ్విండ్రు. పెద్దసారు సుత నవ్విండు. మేడం నవ్వలే. అప్పుడు చెప్పింది, అన్ని కాగితాలు ఒక్కటే, కావాలనే అక్షరాలు చెదరగొట్టి అచ్చేయించినయి, ఈ పిల్లలకు పుస్తకం ఎట్ల కనవడుతదో పెద్దోళ్లకు తెలువాలని.

నవ్వు మెల్లగ ఆగింది. నేను ఒక్కన్నే ఇంకా పండ్లు బయటపెట్టుకొని ఉన్న, లోపలికి తీసుకునుడు యాది లేక.

మేడం మూడో తరగతి పుస్తకం తెచ్చి నా ముందట పెట్టింది. "ఇది ఒక్క లైను చదవండన్నా." నోటి నుంచి అలవాటు మాట వచ్చేసింది, "అద్దాలు ఇంటికాడ మరిచిపోయిన."

"బాపు, నీకు అద్దాలు లేవు." గోడ పొంటి కూసున్న నా బిడ్డ అన్నది. తిట్టినట్టు అనలే. లేచి వచ్చి నా పక్కన కూసున్నది, తన అట్టముక్క తీసి పేజీ మీద పెట్టింది. కిటికీల నాలుగు మాటలే మిగిలినయి. "తొందర పడకు. వేలు పెట్టు. అక్షరం కొస దాక పో, అప్పుడు పలుకు."

వాన. కురిసింది. కాలువ. నిండింది.

నాలుగు మాటలకు నాకు పట్టిన టైముల నిజంగనే వాన కురిసి కాలువ నిండేది. చెరుకు రైతు తల దించుకొని కూసున్నడు, నాకు మర్యాద ఇచ్చిండు. ఇన్నేండ్లు బెంచి మీద జాలిపడ్డనని చెప్పుకున్నోన్ని, ఆ పూట ఆ బెంచి మీద కూసున్న పన్నెండేండ్ల పిలగాని మీద జాలిపడ్డ. వాడు బద్ధకస్తుడు కాదని ఎవలు సుత రాసుకోలే.

మేడం దరఖాస్తు ముందట పెట్టింది. సంతకం చేసిన. అది నాకు బాగ వస్తది, బొమ్మ లెక్క నేర్చుకున్న. కింద గీత సుత గీసిన.

ఆ తర్వాత రెండుసార్లు నిజామాబాద్ ఆస్పత్రికి తిరిగినం. డాక్టరమ్మ బిడ్డను చదివించింది, రాయించింది, బొమ్మలు పేర్పించింది. రెండోసారి సర్టిఫికెట్ ఇచ్చిండ్రు. బోధన్ బస్సుల బిడ్డ ఆ కాగితం కవర్ల పెట్టి, కవర్ సంచిల పెట్టి, సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్నది. మా ఇంటామె కిటికీ దిక్కు కూసొని నవ్వుకుంటున్నది. నేను ఊకుంటనా, ఒక జోకు ఏసిన.

"గంట ఎక్కువిస్తున్నరు గదా బిడ్డా, గంతసేపు ఏం చేస్తవు? అందరు పోయినంక బెంచీలు తుడుస్తవా?"

బిడ్డ వాళ్లమ్మ దిక్కు సూసింది, నా దిక్కు సూసింది.

"నాకు గంటనే బాపు. నీకు అమ్మ లగ్గమైన పద్దెనిమిదేండ్ల సంది టైమిస్తనే ఉన్నది, నువ్వింకా పేపర్ ఇయ్యలే."