లోపలున్నోళ్ల వాటా

మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. మధ్యాహ్నం భోజనానికి ముందు ఆమె సొరుగులోంచి చిన్న స్టీలు డబ్బా తీసి మూత తిప్పుతుంది. ఏ వాసనా నిలవని ఆ ఏసీ హాల్లో దోరగా వేగిన నువ్వుల వాసన, దాని వెనకే బెల్లం పాకం వాసన మెల్లగా లేచి కుర్చీల మధ్య తిరుగుతాయి. "ఒకటి తీసుకో" అంటుంది. వద్దంటాను. ఆకలి లేక కాదు. ఆ వాసన తగలగానే ఆ డబ్బా ఆమెది కాదు, నాది అనిపిస్తుంది. అది అసూయ అని నాకు బాగా తెలుసు. ఎనిమిదేళ్ల వయసులో అసూయంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఈ వాసన దగ్గరే.

అప్పట్లో మేము మాదాపూర్‌లో, పాత ఊరి పెంకుటిళ్లకీ కొత్త అద్దాల మేడలకీ నడుమ ఇరుక్కున్న ఒక అపార్ట్‌మెంటులో కిరాయికి ఉండేవాళ్లం. ఎదురుగా పెద్ద ఖాళీ జాగా, దాని నిండా బండలు, వానాకాలం వస్తే ఆ బండల సందుల్లో ఎవరూ విత్తకుండానే మొలిచే ఆకుకూరలు, వాటిని మేయడానికి వచ్చే బర్రెలు, ఆ బర్రెల వెనక చిక్కుకుని హారన్లు కొట్టే కంపెనీ క్యాబులు. నాన్నది జనగామ వైపు పల్లె, అమ్మది తెనాలి. ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. నాన్న వాళ్లమ్మ, అంటే మా బాపమ్మ, మాతోనే ఉండేది. బాపమ్మ అంటే నాకు మనిషి కాదు, ఒక ఆస్తి. ఆమె పక్కలో పడుకునేది నేను, ఆమె కొంగుకు మూతి తుడుచుకునేది నేను, ఆదివారం పొద్దున ఆమె మటన్ తెచ్చి, అల్లం వెల్లుల్లి నూరి, కొబ్బరి, గసాలు వేయించి కూర వండుతుంటే గడప మీద కూర్చుని ఉప్పు చూసేదీ నేనే. మూలుగ బొక్క ఎప్పుడూ నా పళ్లెంలోకే వచ్చేది. అది నా హక్కని నేను అనుకునేదాన్ని.

అమ్మ పుట్టింట్లో కోడిగుడ్డు కూడా గడప దాటేది కాదు. పెళ్లయ్యాక, ఇంట్లో రెండు గిన్నెలు ఎందుకని, ముందు గుడ్డు, తర్వాత కోడికూర ముక్కు బిగబట్టుకుని అలవాటు చేసుకుందట. ఆ కష్టం మాకెవరికీ తెలియదు, ఆమె రెండోసారి నీళ్లోసుకునే దాకా.

ఎండాకాలం చివర్లో ఒక ఆదివారం, తాలింపు గుప్పుమనగానే అమ్మ పరుగున వెళ్లి వాంతి చేసుకుంది. మొహం కడుక్కుని వచ్చి, తడి చేతులతోనే గోడ పట్టుకుని, "ఇక నేను మాంసం తిననండి. బిడ్డ పుట్టేదాకైనా మా ఇంటి తిండి తింటాను" అంది నాన్నతో.

"రక్తం ఎట్ల పడ్తది పద్మా? గుడ్డన్న తిను" అన్నాడు నాన్న.

దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ కంగారేం పడలేదు. మాంసం తినకపోయినా బిడ్డ బాగానే పెరుగుతుంది గానీ పప్పులు, ఆకుకూరలు, పాలు, పెరుగు రోజూ పడాలనీ, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోవాలనీ, అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దనీ, తను రాసిన గోళీలు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దనీ చెప్పింది. బాపమ్మ చెవులు రిక్కించి విన్నది. ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే ప్రకటించింది: "ఇగ ఇంట్ల నీసు బంద్. దాని ముక్కుకు పడనిది మన పొయ్యి మీద ఎందుకు?"

నా ఆస్తి నా కళ్ల ముందే పరాయిదైపోయింది. బాపమ్మ తెల్లారి లేచి రాగి జావ కాచేది, పెసలు, శనగలు తడిగుడ్డలో కట్టి మొలకలు తీసేది, పల్లీలు వేయించి పొట్టు చెరిగేది, పేపరు మీద పాలకూర పరచుకుని ఒక్కో ఆకూ తిప్పి చూసేది. ఒక మధ్యాహ్నం నువ్వులు వేయించి, బెల్లంతో దంచి లడ్డూలు కట్టి, నా చేయి అందని పై అరలో డబ్బా పెట్టింది. నేను కుర్చీ లాగుతుంటే, "అది నీది కాదు బిడ్డా. లోపలున్నోళ్ల వాటా" అంది.

లోపలున్నోళ్లు! ఇంకా మొహం కూడా లేని ఒకళ్లు నా బాపమ్మను, నా ఆదివారాలను, చివరికి నువ్వుల లడ్డూలను కూడా లోపల కూర్చునే తినేస్తున్నారని నాకు ఒళ్లు మండిపోయేది. ఆ ఏడు బోనాల పండక్కి కూడా మా ఇంట్లో మాంసం వండలేదు. వాడకట్టంతా మసాలా వాసనతో ఘుమఘుమలాడుతుంటే నేను చిక్కుడుకాయ కూర కలుపుకుని, అమ్మ పొట్ట వైపు గుడ్లురిమి చూస్తూ తిన్నాను.

వానలు ముదిరాక తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చింది. అది ఉద్యమం జోరుమీదున్న కాలం. సమ్మె మొదలై బస్సులు డిపోల్లో ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, టీవీలో రోజంతా నినాదాలు. బడి ఉన్నన్నాళ్లూ పిల్లలు నన్ను "నువ్వు ఆంధ్రానా, తెలంగాణనా?" అని అడిగేవాళ్లు. నాకు జవాబు తెలిసేది కాదు. ఇప్పుడు ఇంట్లో ఒకే సోఫాకు ఆ చివర బాపమ్మ, ఈ చివర అమ్మమ్మ. టీవీలో వార్తలు రాగానే ఇద్దరూ ఎంతో మర్యాదగా వేర్వేరు గోడల వైపు చూసేవాళ్లు.

మాటల్లో మర్యాద ఉంది గానీ వంటింట్లో మాత్రం యుద్ధమే. అమ్మమ్మ పెట్టిన చారు నోట్లో పోసుకోగానే అమ్మ కళ్లు మూసుకుని, "అమ్మయ్య" అంది. అంతే. ఆ రోజు నుంచి అమ్మకు చారన్నం, పెరుగన్నం తప్ప ఏదీ సహించలేదు. బాపమ్మ మొలకలు గిన్నెలోనే ఎండిపోయాయి. ఆమె నన్ను వెంటబెట్టుకుని మేడ మీదికెక్కి, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చునేది.

"మీ అమ్మమ్మ చారుల ఏమున్నదే? నీళ్లు! నేను నాలుగు నెలల సంది ఆకు ఆకు ఏరి పెట్టిన. ఇప్పుడామె అచ్చి గరిటె పట్టంగనే గదే అమృతమా?"

నాకెంత సంతోషమైందో చెప్పలేను. ప్రపంచంలో నాలాగే కుళ్లుకుంటున్న మనిషి ఇంకొకరున్నారు, ఆ మనిషి మళ్లీ నా పక్కనే కూర్చుంది. దూరంగా అద్దాల మేడలు ఎండకు మెరుస్తుంటే మేమిద్దరం మూతులు ముడుచుకుని, దొంగతనంగా చెరో లడ్డూ తినేవాళ్లం.

ఎనిమిదో నెలలో రక్తపరీక్ష చేస్తే రక్తం బాగా తగ్గిందన్నారు. లోపలి బిడ్డ కూడా ఉండాల్సినంత బరువు లేదట. చారు నీళ్లతో బిడ్డ పెరగదమ్మా, చెప్పినవన్నీ తినాలి అని డాక్టరమ్మ ఈసారి గట్టిగా కోప్పడింది. ఆ సాయంత్రం నాన్న తనే గుడ్లు ఉడకబెట్టి, పొట్టు తీసి, పళ్లెంలో పెట్టి అమ్మ ముందుంచాడు.

"తింటవా, తినవా?"

అమ్మ పళ్లెం పక్కకు జరిపింది. "ఇన్నేళ్లూ మీకోసం తిన్నానండి. ప్రతిసారీ లోపల వణికేది. ఎప్పుడైనా చెప్పానా? ఈ కొన్ని నెలలు నన్ను నాలా ఉండనివ్వరా?" అంది.

నాన్న నోరు తెరిచేలోపే బాపమ్మ లేచింది. "అరే, ఊకోరా! కడుపు దానిది, నోరు దానిది. బలవంతంగ మింగిచ్చినది బిడ్డకు పోతదా? తీసేయ్ పళ్లెం."

అమ్మమ్మ ఆ మాట విని తలుపు చాటున కళ్లొత్తుకుంది.

మర్నాడు మా రోడ్డు మీద వంటావార్పు. సమ్మె చేస్తున్నవాళ్లు నడిరోడ్డుకు అడ్డంగా ఇటుకల పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తింటారు. బాపమ్మ ఎదురు జాగాలో కోసుకొచ్చిన గంగవాయిలి కూర సంచీలో నింపుకుని బయల్దేరుతుంటే, అమ్మమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "నేనూ వస్తానండి వదినగారూ. ఇంట్లో ఊపిరాడటం లేదు" అంది. బాపమ్మ ఒక్క క్షణం చూసి, "రా వదినె" అంది.

రోడ్డంతా పొగ, డప్పులు, గులాబీ జెండాలు, ఆగిపోయిన క్యాబుల్లోంచి తొంగి చూసే టై కట్టుకున్న మొహాలు. అమ్మమ్మ ఒక పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, ఎక్కడ నోరు తెరిస్తే తెనాలి బయటపడుతుందోనని పెదవి కదపకుండా ఉల్లిగడ్డలు తరిగింది. పక్కనున్నామె ఊరుకోలేదు. "ఏ ఊరక్కా మీది?" అంది. అమ్మమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. బాపమ్మ డేగిసాలో పప్పు తిప్పుతూ, తల ఎత్తకుండానే, "మా వదినె. మా ఇంటి మనిషి" అంది. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మమ్మ మళ్లీ తరగడం మొదలుపెట్టింది. కాసేపటికి మెల్లగా, "దీన్ని మేము గంగపాయల కూర అంటామండి. కాస్త చింతపండు పడితే పద్మకు ఇష్టం" అని బాపమ్మకు మాత్రమే వినబడేట్టు అంది. బాపమ్మ చింతపండు పిసికి పోసింది.

ఆ పప్పు క్యారియరులో ఇంటికి వచ్చింది. అమ్మ ఒక ముద్ద పెట్టుకుని, ఆగి, ఇంకో ముద్ద కలిపి, "ఇంకాస్త వెయ్యండత్తయ్యా" అంది. తలుపుకు అటొకరు ఇటొకరు నిలబడి ఆమె నమలడాన్నే చూస్తున్న ఆ ఇద్దరి మొహాలూ నాకింకా కళ్లకు కట్టినట్టే ఉన్నాయి. అప్పటినుంచి ఒకరు చారు పెడితే ఒకరు పప్పు వండారు, ఒకరు నిమ్మకాయ పిండితే ఒకరు గోళీ చేతికందించారు. ఆకుకూర వల్లనో గోళీల వల్లనో, నెల తిరిగేసరికి రక్తం పెరిగింది, అమ్మ బుగ్గలకు రంగొచ్చింది. నేను మాత్రం మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో ఒంటరిదాన్నయ్యాను. నా పక్షాన ఉన్న ఒక్క మనిషీ అవతలి పక్షానికి వెళ్లిపోయింది.

దసరా వెళ్లాక తమ్ముడు పుట్టాడు, గుండ్రంగా, బరువుగా. అమ్మ మళ్లీ ఎప్పుడూ మాంసం ముట్టలేదు, ఎవరూ తినమనలేదు. తమ్ముడికి మాటలు వచ్చీ రాకముందే బాపమ్మ ఒక చలికాలం జ్వరంతో పోయింది. ఇప్పుడా ఖాళీ జాగాలో అద్దాల మేడ ఒకటి నిలబడింది, బండలు పేల్చేశారు, బర్రెలు ఎటుపోయాయో తెలియదు, గంగవాయిలి కూర యాప్‌లో వెతికినా దొరకదు.

మొన్న ఆదివారం ఆఫీసు సంగతులు చెబుతూ ఇదంతా తమ్ముడికి చెప్పాను, వాడి మీద ఎంత కుళ్లుకున్నానో కూడా. మూతి మీద నూగుమీసం వస్తున్న వాడు నవ్వుతాడనుకున్నాను. ఫోను పక్కన పెట్టాడు.

"నీకేందక్కా," అన్నాడు. "నువ్వు బాపమ్మను చూసినవ్. నాకు ఆమె గొంతు ఎట్లుంటదో కూడా తెల్వది."