ఆకుపచ్చ లైను ఎక్కమన్నారు

నా చిన్నప్పుడు మా ఇల్లు రంగుల మీద బతికేది. కోడుమూరు పక్కన చిన్న పల్లె మాది. వానలుంటే సేద్యం, లేకుంటే మగ్గం. వానలు ఏనాడూ సరిగా లేవు కాబట్టి మాకు మగ్గమే గతి. మా నాయన గుంట మగ్గంలో కూర్చుని చీరలు నేసేవాడు. నూలుకు రంగు వేసే పని మా అమ్మది. ఆమె పోయాక పక్కింటి అక్క కూలికి వచ్చి ఆ పని చేసేది. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. ఆకుపచ్చ, పసుపు పక్కపక్కన పెట్టినా రెండూ ఎండిన జొన్నచొప్పలాగే కనిపిస్తాయి. అది పుట్టుకతో వచ్చిన లోపమని, దానికి మందు లేదని పెద్దయ్యాక ఒక కంటి డాక్టరు చెప్పాడు. చిన్నప్పుడు మాత్రం నాకు బుద్ధి తక్కువేమో అనుకునేవాణ్ణి.

ఆ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పకుండానే అరవై ఆరేళ్లు గడిపేశాను. పోయిన నెల అది నా మెడకు చుట్టుకుంది. నా భార్యకు బెంగళూరులో గుండె ఆపరేషను. కూతురు అక్కడే ఉంటుంది కాబట్టి తల్లిని ముందే తీసుకుపోయింది. నేను కిరాణా కొట్టు మూసి, రెండు రోజుల తర్వాత బయలుదేరాను. పొద్దున రైలు దిగీ దిగగానే కూతురు ఫోను చేసింది.

"నాన్నా, ఆటో ఎక్కొద్దు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటావు. కిందికి దిగి మెట్రో ఎక్కు. ఆకుపచ్చ లైను. నేల మీద ఆకుపచ్చ గుర్తులుంటాయి, వాటి వెంబడి పో. చదువు రానోళ్లు కూడా పోతాండారు. పదింటికి అమ్మను ఆపరేషనుకు తీసుకుపోతారంట. ఆలోపల వచ్చేయి."

దిగాల్సిన స్టేషను పేరు కూడా చెప్పింది. నాకు రంగులు తెలియవమ్మా అని అనాల్సింది అప్పుడే. సరేనన్నాను.

మెట్లు దిగాను. ఒక అంతస్తు దిగాక ఇంకో అంతస్తు. ఇంత లోతున మనుషులు ఇంత తీరుబడిగా నడుస్తారని నేను అనుకోలేదు. అక్కడ ఒక లైను మీద ఇంకో లైను పోతుందట, రెండూ కలిసే చోటు అది. నేల మీద గీతలున్నాయి, బాణాలున్నాయి, గోడల మీద పట్టీలున్నాయి. నాకు కనిపించిన జొన్నచొప్ప రంగు గీతను పట్టుకుని నడిచాను. కాలి కింద గరుకుగా తగిలింది. అది చూపులేని వాళ్లు కర్రతో తడుముకుంటూ నడవడానికి వేసిన పసుపు బిళ్లల వరస అని తర్వాత తెలిసింది. ఆ వరస నన్ను ఒక ప్లాట్‌ఫారం మీదికి చేర్చింది. వచ్చిన రైలు ఎక్కేశాను.

పైన నడిచే రైలైతే ఎండ ఏ పక్క పడుతుందో చూసి దిక్కు పోల్చుకోవచ్చు. నేల కింద కొండ లేదు, చెట్టు లేదు, కిటికీలో నల్లటి గోడ తప్ప ఏమీ లేదు. తలుపు పైన లైన్ల పటం ఉంది. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు చుట్టాలే కాబట్టి కూడబలుక్కుని పేర్లు చదవగలిగాను. కానీ నేను దిగాల్సిన స్టేషను పేరు, కూతురు చెప్పిన పేరు, ఆ పటంలో నేను వేలు పెట్టిన గీత మీద లేదు. అయినా పక్కనున్న మనిషిని అడగలేదు. ఇంకో రెండు స్టేషన్లు చూద్దాం అనుకున్నాను. నాలుగు పోయాయి. దిగి, ఎదురు రైలు పట్టుకుని, బయలుదేరిన చోటికే వచ్చాను. కూతురికి చేస్తే అంత లోతున ఫోను కలవలేదు. గడియారంలో తొమ్మిదీ ఇరవై. జనం నన్ను రాసుకుంటూ రెండు పక్కలా పోతున్నారు. నేను గోడ మీది పటం చదువుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాను. అట్లా నటించడం నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్ల వయసు నుంచీ అలవాటే. అక్కడే నాకు పక్కింటి అక్క గుర్తొచ్చింది.

అప్పుడు ఆమెకు పదహారు, పదిహేడేళ్లు ఉండవచ్చు. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ రంగుతో మురికిగా ఉండేవి. ఒకసారి వంక గట్టున రేగిచెట్ల దగ్గర నేను ప్రతి కాయనూ వేళ్లతో నొక్కి చూసి కోస్తుంటే ఆమె గమనించింది. ఒక పండు, ఒక పచ్చికాయ అరచేతిలో పెట్టి, ఏది ఏ రంగో చెప్పమంది. నాకు తోచింది చెప్పాను. మళ్లీ చేతులు మార్చి అడిగింది. మళ్లీ తప్పే చెప్పి ఉంటాను, ఆమె నవ్వలేదు. "నాయనకు తెలుసునా?" అంది. తెలియదని తల ఊపాను.

ఆ రోజు నుంచి ఆమె ఎర్ర నూలు చిలపకు ఒక ముడి, ఆకుపచ్చ చిలపకు రెండు ముళ్లు వేసేది. చిలప అంటే నూలు కట్ట. నాయన నూలు అందివ్వమంటే నేను ముడి తడిమి అందించేవాణ్ణి. నా బుద్ధి కుదుటపడిందని నాయన సంతోషించాడు. అక్క మాత్రం నన్ను వదిలేది కాదు. "ముళ్లు ఎన్నాళ్లు వేస్తా రా నేను? తెలీదు అని నోరు తెరిచి చెప్పేదానికి ఏమి సిగ్గు నీకు? అడిగితే ఎవరన్నా చెప్తారు. అడగకుంటే నీ కంట్లో ఏముండాదో ఎవరికి తెలుస్తాది?" అనేది. నేను తల వంచుకునేవాణ్ణి. పంతులు కొడతాడని, పిల్లలు గుడ్డోడా అంటారని నా భయం.

ఆ ఏడు కరువు. ఒక పెళ్లిచీర పని దొరకడమే గొప్ప అయింది. అంచు కోసం పట్టు నూలు నాయన ఎక్కడెక్కడో బతిమాలి తెచ్చాడు. అక్క ఒక మునక వేసి ఎరుపు తెప్పించింది. రెండో మునక వేయాలి. పెరట్లో రెండు తొట్లు పొగలు కక్కుతున్నాయి, ఒకదాంట్లో ఎరుపు, ఒకదాంట్లో ఆకుపచ్చ. ఇంతలో ఊరిబావిలో నీళ్లు ఊరాయని కేక వినబడింది. అప్పుడు పట్టుకోకపోతే మళ్లీ రేపే. అక్క బిందె ఎత్తుకుని, "ఎర్రతొట్టిలో ముంచి కట్టెతో తిప్పుతా ఉండు, ఇప్పుడే వస్తా," అని పరుగెత్తింది. ఏది ఎర్రతొట్టి అని నేను అడగలేదు. చిలపలకు ముళ్లు ఉన్నాయి గానీ తొట్లకు లేవు. దగ్గరగా ఉన్నదాంట్లో ముంచాను.

ఆమె వచ్చి చూసేసరికి నూలు బొగ్గురంగుకు తిరిగిందట. నాకు అదీ తెలియలేదు, ఆమె ముఖం చూసి తెలిసింది. వెనకాలే నాయన వచ్చాడు. తొట్టిలోంచి చిలప ఎత్తి వెలుతురులో చూశాడు. తర్వాత చాలా మెల్లగా, "ఎవరు చేసినారు ఈ పని?" అన్నాడు.

అక్క నా వైపు చూసింది. నేను చెబుతానేమోనని చూసిందని ఇప్పుడు అనిపిస్తుంది. కొంచెం సేపు చూసింది. నా నోరు పెగల్లేదు. అప్పుడు, "నేనే మామా. నీళ్లకు పోయే తొందర్లో చూసుకోలేదు," అంది.

"రేపట్నించి రావొద్దులే పాపా," అన్నాడు నాయన. అరవలేదు. ఆయన అరిచి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఆ పని పోయాక వాళ్లింట్లో పొయ్యి సరిగా వెలగలేదు. నెల తిరక్కుండానే వాళ్లు సుగ్గికి పోయారు. సుగ్గి అంటే మా వైపు వలస. మూటాముల్లె కట్టుకుని గుంటూరు దిక్కు మిరపకోతలకు పోవడం. లారీ ఎక్కేముందు అక్క మా గుమ్మం దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నా తల మీద చెయ్యి పెట్టి, "ఇంగ మీదటన్నా అడుగప్పా," అంది. అంతే. ఎండాకాలంలో వాళ్లు తిరిగి వచ్చినప్పుడు తల్లి, తండ్రి, తమ్ముడు ముగ్గురే లారీ దిగారు. అక్కకు అక్కడే జ్వరం తగిలిందని, నాలుగు రోజుల్లో పోయిందని, చేని గట్టునే పూడ్చి వచ్చామని వాళ్లమ్మ మా వాకిట్లో కూలబడి ఏడ్చింది. మా నాయన తల పట్టుకున్నాడు. అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు.

బెంగళూరు నేల కింద, పటం ముందు నిలబడి, ఆ చెయ్యి బరువు తల మీద తెలిసింది. పక్కన ఒక ఆడమనిషి నేల ఊడుస్తోంది. ఏ భాషలో అడగాలో కూడా ఆలోచించలేదు. "అమ్మా, నాకు రంగులు తెలియవు. ఆకుపచ్చ లైను ఏదో చూపిస్తావా?" అన్నాను.

ఆమె తల ఎత్తింది. "మన దిక్కోళ్లే. మాది కోసిగి," అంది. చీపురు గోడకు ఆనించి, నాతో పాటు మెట్ల దాకా నడిచి, దిగాల్సిన చోటు అడిగింది. "రంగు కనపడకుంటే చివరి స్టేషను పేరు గుర్తుపెట్టుకో పెద్దాయనా. రైలు వచ్చే ముందర మైకులో అదే చెప్తారు. నాకు చదువు రాదు, నేను చెవులతోనే పోతాండా." ఆ పేరు నా చేత రెండుసార్లు పలికించింది. తర్వాత, "అడిగినావు, మంచిదైంది. శానామంది అడగరు, ఇట్లనే తిరుగుతా ఉంటారు," అంది.

ఆసుపత్రికి చేరేసరికి పదీ పది. నా భార్యను అప్పటికే లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసుకునే దాకా నాకోసం చూసిందని కూతురు చెప్పింది. ఆమె బతికింది, ఇప్పుడు ఇంట్లో మెల్లగా తిరుగుతోంది. కానీ ఆ రోజు సాయంత్రం దాకా, ఆ తలుపు ముందు, నా సిగ్గు ఇంకో మనిషిని మింగుతుందేమోనని కూర్చున్నాను.

ఊరికి రాగానే అక్క తమ్ముడి ఇంటికి పోయాను. నాకంటే మూడేళ్లు చిన్న, ఇప్పుడు ముసలివాడు. తొట్ల సంగతి మొత్తం చెప్పాను. ఆ పని నాదని, మీ అక్కది కాదని చెప్పాను.

"మా అమ్మ సచ్చేదాకా అక్కనే తిట్టుకునిందప్పా. కళ్లు నెత్తికెక్కి పని పోగొట్టె, మమ్మల్ని సుగ్గికి తోలె అని. ఇప్పుడు చెప్తాండావు. ఎవరికి చెప్పేది నేను?" అన్నాడు.

కూర్చోమని అనలేదు. నేనూ కూర్చోలేదు. ఇప్పుడు తెలియనిది ఏదైనా ఉంటే, పసిపిల్లనైనా సరే, వెంటనే అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ మనసు తేలికపడుతుందని చెప్పలేను. నాకు తెలియదని చెప్పే ఆ నాలుగు మాటలకు ఇంత కాలం ఎందుకు పట్టిందన్నదే మళ్లీ మళ్లీ ముందుకొస్తుంది.