చదును నేలలో హ్యాండ్‌బ్రేకు

2001 జులై 11, బుధవారం, ఉదయం పదిన్నర. తెల్లవారుజామున పట్టుకున్న వాన వెలిసింది గాని మబ్బు విడవలేదు. విజయవాడలో, రవాణా కార్యాలయం వారు బండ్లు పరీక్షించే మైదానంలో, మట్టి పోసి ఎత్తు చేసిన వాలు మీద ఒక తెల్లని పెద్ద కారు ముక్కు పైకెత్తి నిలబడి ఉంది. లోపల డ్రైవరు, అతని పక్కన బ్రేక్ ఇన్‌స్పెక్టరు. నేను పది గజాల ఇవతల, ముడిచిన గొడుగు చేత పట్టుకొని చూస్తున్నాను.

"హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలు తీసెయ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డ్రైవరు లాగాడు, కాలు తీశాడు. కారు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఏ తొందరా లేకుండా వెనక్కి జారడం మొదలుపెట్టింది. మనిషి నడిచే వేగం కన్నా ఎక్కువ కాదు. వాలంతా దిగి, చదునుకు వచ్చి, దానంతట అదే నిలిచింది.

"ఇదేం బ్రేకయ్యా, అలంకారానికి పెట్టుకున్నావా?"

"ఎప్పుడూ అవసరం పడలేదు సార్."

"అవసరం పడ్డప్పుడు చూశావుగా. బాగుచేయించుకుని వచ్చే బుధవారం తీసుకురా."

అద్దెకు తిరిగే కారును ఏటా ఒకసారి ఇలా చూపించి, రోడ్డు మీద తిరగడానికి యోగ్యమైనదని పత్రం తీసుకోవాలి. ఊళ్లో అందరూ దాన్ని ఎఫ్.సి. అంటారు. ఆ కారుకు అది ఐదో ఎఫ్.సి. మొదటి నాలుగూ తొలి ప్రయత్నంలోనే నెగ్గింది. ఆ నాలుగు సార్లూ నేను అదే మైదానంలో నిలబడి చూశాను. నా బండి కాదు, నేను డ్రైవరునూ కాను. అక్కడ నాకేం పనో చెప్పాలి.

ఆ డ్రైవరు గవర్నర్‌పేటలో మా వెనక వీధిలో కాపురం ఉండేవాడు. ఆయన్ని అందరూ భాయ్ అనేవారు. 1989 నుంచి ఒక కంపెనీ మేనేజరు గారికి కారు నడిపాడు. 1997లో కంపెనీ వారు మేనేజరుకు కొత్త కారు కొని, పాతది అమ్మకానికి పెట్టారు. ఎనిమిదేళ్లు తన చేతి కింద నడిచిన బండి పరాయివాడి పాలు కావడం ఇష్టం లేక భాయ్ తానే కొన్నాడు. నంబరు ప్లేటుకు పసుపు రంగు వేయించి టాక్సీ స్టాండులో పెట్టాడు. స్టాండులోని వాళ్లు ఊరుకోలేదు.

"మేనేజర్ల బండి భాయ్, చల్లగాలికి అలవాటు పడిపోయింది. మన ఎండల్లో రెండేళ్లు నిలిస్తే గొప్ప."

"రెండేళ్లెందుకు, మొదటి ఎఫ్.సి.కే తెలిసిపోద్దిలే."

భాయ్ బానెట్టు తుడుస్తూనే జవాబు చెప్పాడు. "మీ బండ్లకి యజమానులు మారారు, డ్రైవర్లూ మారారు. దీనికి మొదట్నుంచీ ఒకటే చెయ్యి. తేడా మీరే చూస్తారు."

ఆ సంభాషణ జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కాలువల మీద నీటిమట్టాలు కొలిచి నమోదు చేసే ఉద్యోగంలో ముప్పై రెండేళ్లు పని చేసి, అంతకు ముందు సంవత్సరమే విరమించాను. స్వయంగా చూసి, తేదీతో సహా చెప్పగలిగిన దాన్ని తప్ప నమ్మే అలవాటు పోయింది. భాయ్ మాట గాని, స్టాండు వాళ్ల మాట గాని నాకు రుజువు కాదు. కానీ మాట కన్నా గట్టిదొకటి నాకు తెలుసు. ఎనిమిదేళ్లలో ఆ కారు మా వీధి మలుపులో ఆగిపోగా నేను చూడలేదు.

అందుకే, పామర్రులో చేనేత చీరల వ్యాపారం చేసే నా చిన్ననాటి క్లాసుమేటు ఒకడు మంచి కారు కావాలని అడిగినప్పుడు భాయ్ పేరు చెప్పాను. వాడు సోమ, గురువారాల్లో నేతగాళ్ల దగ్గర తీసుకున్న చీరల మూటలు వేసుకొని, కంకిపాడు మీదుగా విజయవాడ వచ్చి, దుకాణాలకు చూపించి, సాయంత్రానికి తిరిగి వెళ్లేవాడు.

"బస్సులోంచి దిగితే ధర తగ్గించి అడుగుతున్నారోయ్," అన్నాడు. "ఇలాంటి కార్లోంచి దిగితే ముందు కుర్చీ వేస్తారు, తర్వాతే బేరం."

వాడు పెట్టిన షరతు ఒకటే. ఏటా ఎఫ్.సి. తొలి పరీక్షలోనే రావాలి. రాకపోతే ఆ రోజు నుంచి వేరే బండి. "పండగ సరుకు పట్టుకుని రోడ్డు మీద నిలబడలేను. నువ్వెళ్లి కళ్లారా చూసి చెప్పు. డ్రైవర్లు చెప్పేది నాకొద్దు." భాయ్ ఒప్పుకున్నాడు. వారానికి ఆ రెండు రోజుల కిరాయి మీదే ఆయన ఇంట్లో బియ్యం, పిల్లల చదువు నడిచేవి. మిగతా రోజుల్లో దొరికే బేరం దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు.

నేను మైదానానికి వెళ్లడం అలా మొదలైంది. 1997 జులై 14, సోమవారం, ఎండ. ఆనాటి ఇన్‌స్పెక్టరు లైట్లు వేయించి, హారను మోగించి, నడిపించి చూసి, టైర్ల గాడులు వేలితో తడిమి, పత్రం ఇచ్చాడు. తర్వాతి మూడేళ్లూ అంతే. పరీక్షకు ముందు భాయ్ రెండు రోజులు బండి కిరాయికి తిప్పేవాడు కాదు. స్టాండులో మిగతావాళ్లు ఒకరి దగ్గర మంచి టైర్లు మరొకరు ఎరువు తెచ్చుకొని, పరీక్ష కాగానే విప్పి ఇచ్చేసేవారు. నాలుగు మంచి టైర్లు ఒకే నెలలో ఆరు బండ్లను నెగ్గించడం నాకు తెలుసు. భాయ్ ఎరువు తెచ్చేవాడు కాదు, ఇచ్చేవాడూ కాదు.

"నా బండి పాసవ్వాలి బాబాయ్ గారూ, టైర్లు కాదు," అనేవాడు.

అన్నీ చూసుకునే మనిషి హ్యాండ్‌బ్రేకు ఒక్కటీ ఎలా మరిచాడన్నది 2001 జులైలో అందరూ అడిగిన ప్రశ్న. మరవలేదు. దాని అవసరమే ఆయనకు ఎప్పుడూ కలగలేదు. మేనేజరు గారి రోజుల్లో డ్రైవరు కారు దిగేవాడే కాదు. అయ్యగారు ఏ క్షణాన బయటకు వస్తారో తెలియదు కనుక ఇంజను నడుస్తూ ఉండేది, కాలు బ్రేకు మీద ఉండేది. టాక్సీ అయ్యాక తిరిగింది పామర్రు రోడ్డు మీద. ఆ దారిలో నేల కిలోమీటరుకు జానెడు పల్లం కూడా ఉండదు. నీళ్లకు కూడా ఎటు పోవాలో చెప్పి పంపించవలసిన నేల అది. అక్కడ కారు ఆపితే ఆపిన చోటే ఉంటుంది. మరీ అనుమానమైతే, చక్రం కింద రాయి పెడతారు. డెల్టాలో ప్రతి డ్రైవరూ చేసే పని అదే. భాయ్ డిక్కీలో ఆ రాయి పగిలిన పొత్రం ముక్క. ఆయన భార్య పచ్చళ్లు నూరిన పొత్రం రెండు ముక్కలైతే, ఒకటి కారుకు వచ్చింది. పరీక్ష రోజున మాత్రం ఇన్‌స్పెక్టరు చూస్తే నవ్వుతాడని దాన్ని ఇంట్లో దించి వచ్చేవాడు.

ఆ ఏడు జూన్‌లో కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మైదానంలో మట్టి పోయించి వాలు కట్టించింది ఆయనే. పన్నెండేళ్లలో ఎవరూ లాగని బ్రేకు తీగ పైకి బాగానే కనిపించినా గొట్టం లోపల తుప్పు పట్టి ఉందని మెకానిక్కు తీసి చూపించాడు. పాత తీగ మీద తుప్పు పొరలు పొరలుగా ఊడింది.

పత్రం గడువు 13వ తేదీ శుక్రవారంతో తీరిపోయింది. 16వ తేదీ సోమవారం నాటి ప్రయాణం ఆగింది. 21 నుంచి శ్రావణం. ఏడాదిలో చీరలు ఎక్కువగా అమ్ముడయ్యే మాసానికి ముందు చేరవలసిన సరుకు అది. నేను ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"తొలిసారి కాలేదన్నమాట," అన్నాడు వ్యాపారి.

"కాలేదు. బుధవారానికి అవుతుంది."

"బుధవారం సంగతి మనం అనుకోలేదుగా. పామర్రులో వేరే బండి మాట్లాడాను. కొత్తది, మూడేళ్లే అయింది."

18న కొత్త తీగతో భాయ్ మళ్లీ వాలు ఎక్కాడు. కారు అంగుళం కదలలేదు. పత్రం వచ్చింది గాని సోమ, గురువారాలు పోయాయి. వ్యాపారిని బతిమాలమని నన్ను ఆయన అడగలేదు. నేను వీధిలో ఎదురైనప్పుడు "అనుకున్న మాటేగా బాబాయ్ గారూ," అని మాత్రం అన్నాడు. ఆగస్టు నుంచి ఆయన కారు స్టాండులో మధ్యాహ్నం దాకా నిలిచే రోజులు ఎక్కువయ్యాయి. పెద్ద కారు కనుక చిన్న బేరాలకు ఎవరూ ఎక్కరు. సెప్టెంబరులో అమ్మకం మాట ఒకసారి వినిపించింది. అక్టోబరులో మరోసారి.

ఆ పామర్రు కారు ఎఫ్.సి. పరీక్ష నవంబరులో, అదే మైదానంలో జరిగింది. ఈసారి వ్యాపారి తానే వచ్చాడు, నన్నూ రమ్మన్నాడు. ఉదయం పదకొండు, పొడి ఎండ. పామర్రు డ్రైవరుకు ముప్పై ఏళ్లుంటాయి. వాలు సంగతి తెలిసి, ముందు రోజే షెడ్డుకు వెళ్లి హ్యాండ్‌బ్రేకు బిగించుకొని వచ్చాడు.

"జారేది భాయ్ బండి. నాది చూడండి, మేకు కొట్టినట్టు నిలబడద్ది," అన్నాడు వ్యాపారితో.

నిజంగానే నిలబడింది. ఇన్‌స్పెక్టరు తృప్తిగా తల ఊపి, "సరే, బ్రేకు దించి పైకి పోనివ్వు," అన్నాడు. డ్రైవరు దించాడు. కారు కదలలేదు. మళ్లీ లాగాడు, మళ్లీ దించాడు. ఇంజను గొంతు పెద్దదైంది, వెనక చక్రం దగ్గర పొగ లేచింది, కాలిన వాసన మా దాకా వచ్చింది. లోపల తుప్పు పట్టిన తీగ బిగించడం వల్ల బ్రేకును పట్టించింది గాని వదలనివ్వలేదు. నలుగురం తోస్తే తప్ప అది వాలు దిగలేదు.

"మేకు బాగానే దిగిందే," అన్నాడు వ్యాపారి. ఇన్‌స్పెక్టరు వచ్చే వారం తెమ్మన్నాడు.

మేమిద్దరం రోడ్డు మీదికి వచ్చాం. టీ తాగుతూ వాడు అడిగాడు.

"నీళ్లు కొలిచినవాడివి, నువ్వు చెప్పు. మా ఊరినుంచి ఇక్కడికి దారిలో ఈ వాలు లాంటిది ఎక్కడన్నా ఉందా?"

"కాలువ కట్టలు తప్ప లేవు. వాటి మీదికి కారెక్కించే పని నీకు లేదు."

"మరి వీళ్ల తప్పేముంది?"

"తప్పు కాదని నేననను. బ్రేకు పట్టలేదు. కాకపోతే ఆ దారిలో తిరిగే ఏ బండికైనా పట్టదు."

వాడు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "చదును నేల మీద కోపంతో ఇద్దర్ని మానిపించాను. మూడోవాణ్ణి ఏ కొండల్లోంచి తేవాలోయ్? పద."

ఎక్కడికని నేను అడగలేదు. రిక్షా గవర్నర్‌పేటలో టాక్సీ స్టాండు ముందు ఆగింది. భాయ్ కారు నీడలో ఉంది, ఆయన ముందు సీట్లో పేపరు చదువుతున్నాడు. వ్యాపారి ఏమీ చెప్పకుండా వెనక తలుపు తీసి కూర్చున్నాడు. నేను ముందు కూర్చున్నాను. స్టాండులో మిగతా నలుగురూ మాటలు ఆపి మావైపు చూశారు.

"పామర్రు పోనివ్వండి భాయ్," అన్నాడు వ్యాపారి.

భాయ్ అద్దంలో ఆయన్ని చూశాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఒక్క నిమిషం షావుకారు గారూ. హ్యాండ్‌బ్రేక్ దించాలి."

ఆ మాటకు ముందు నవ్వింది స్టాండులోని వాళ్లే. తర్వాత వ్యాపారి. క్షమాపణలు, సంజాయిషీలు ఎవరూ చెప్పుకోలేదు. కంకిపాడు దాటాక వ్యాపారి వెనక నుంచి, "సోమవారం ఏడింటికల్లా రావాలి," అన్నాడు. భాయ్, "ఆరున్నరకే ఉంటా," అన్నాడు. అంతే.

ఆ రోజు నుంచి కారు ఎక్కడ ఆగినా, మామిడి నీడలో ఆగినా, టీ కొట్టు ముందు ఆగినా, భాయ్ హ్యాండ్‌బ్రేకు లాగేవాడు. వారానికొకసారి, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు, కాలువ కట్ట ఎక్కే మట్టిబాట మీద సగం దాకా వెళ్లి, లాగి, కాలు తీసి, దించి, మళ్లీ లాగేవాడు. గట్టున గడ్డి కోసేవాళ్లు మొదట్లో చేతులు ఆపి చూసేవారు, తర్వాత మానేశారు. పొత్రం ముక్క డిక్కీలోంచి ఇంటికి పోయింది. మా ఇంటికి వెళ్లే దారిలో వాళ్ల గుమ్మం తలుపు మూసుకోకుండా అడ్డుగా పెట్టి ఉండగా చూశాను.

2002 నుంచి 2006 దాకా ఐదు జులైలలో ఐదుసార్లు మైదానానికి వెళ్లాను. అవసరం లేకపోయినా వెళ్లాను, వ్యాపారి కూడా ఇక వద్దని అనలేదు. ఐదుసార్లూ కారు వాలు మీద నిలబడింది, చెప్పగానే కదిలింది. 2007 మేలో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఇంజను పని ఖర్చు బండి విలువను మించుతుందని మెకానిక్కు చెప్పాక, భాయ్ దాన్ని మళ్లీ పరీక్షకు తీసుకువెళ్లలేదు. చిన్న కారు ఒకటి తీసుకొని అదే దారిలో, అవే రోజుల్లో తిప్పాడు.

ఇప్పటికీ స్టాండులో ఆయన పదికి పది అని చెబుతాడు. వ్యాపారి పదికి తొమ్మిది అంటాడు. ఇద్దరివీ సగం లెక్కలు. 1997 జులై 14 నుంచి 2006 జులై వరకు ఆ కారుకు పది పత్రాలు రావలసి ఉండగా పదీ వచ్చాయి. అందుకోసం అది పరీక్షకు వెళ్లినది పదకొండు సార్లు. నెగ్గినది పది, ఓడినది ఒకటి.