డబుల్ బెల్ కొడితేనే కదిలే పిల్ల

ఇరవై ఆరేళ్లు సిటీ బస్సులో టికెట్లు కొట్టి, మోకాళ్లు మొరాయించాక కండక్టరమ్మ బళ్లో చేరింది. పాఠాలు చెప్పడానికి కాదు. చివరి గదిలో ముగ్గురు పిల్లలుండేవాళ్లు. తెలివిలో ఎవరికీ తీసిపోరు గాని, కాగితం ముందు కూర్చోబెడితే ఒక్క ముక్క రాయరు. వాళ్లు మధ్యలో లేచి వెళ్లకుండా చూడ్డమే ఆమె పని. జనాన్ని అదుపులో పెట్టడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య కదా అనుకుంది పెద్ద టీచరు.

ముగ్గురిలో పదమూడేళ్ల పిల్లకి 'ఇదిగో' అని పేరు పడింది. ఎప్పుడడిగినా "ఇదిగో, రాస్తున్నా" అంటుంది గనక. పెన్సిలు చెక్కుతుంది, రబ్బరు వెతుకుతుంది, కిటికీ వేస్తుంది, మళ్లీ తీస్తుంది. గంట గడిచేసరికి కాగితం మీద తారీఖు ఉంటుంది. అదీ నిన్నటిది.

"నోటితో చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్తావు. రాయడానికేం రోగమే?" అంది కండక్టరమ్మ ఒకరోజు.

"అన్నీ ఒక్కసారే వస్తాయి కండక్టరమ్మా. ఏది ముందు రాయాలో తెలీదు."

ఆ మాటతో ఆమెకి సంగతి బోధపడింది. పొద్దున ఎనిమిదిన్నర బస్సు. దిగేవాళ్లని దిగనివ్వకుండా ఎక్కేవాళ్లు ఎగబడితే గుమ్మంలో అందరూ ఇరుక్కుంటారు. లోపల సీట్లు ఖాళీగానే ఉంటాయి.

మర్నాడు కిటికీ చువ్వ నుంచి బీరువా దాకా తాడు కట్టి, చివర ఒక గంట వేలాడదీసింది. ఒక్కో వాక్యం ఒక్కో స్టాపు అంది. డబుల్ బెల్ కొడితే బయల్దేరాలి. సింగిల్ బెల్‌కి కలం కింద పెట్టాలి. ఆగినప్పుడల్లా ఎవరు దిగారో, అంటే ఏది రాసేసిందో, ఎవరు ఎక్కుతున్నారో, అంటే ఇక ఏది రాయబోతోందో చెప్పాలి.

"మా వీధి చివర చెప్పుల షాపు దిగింది. షాపు ముందు పడుకునే కుక్క ఎక్కుతోంది."

"దానికి టికెట్ లేదు. సరే, ఎక్కించు. రైట్ రైట్."

మూడు నెలలకి ఇదిగో పేజీ నిండా రాసింది. తర్వాత తాడు విప్పేసి, గంట మనసులోనే కొట్టుకోవడం నేర్పింది కండక్టరమ్మ. అదీ వచ్చింది.

ఇక పరీక్ష. పది గంటల నుంచి పదకొండు దాకా, 'మా వీధి' మీద ఒక పేజీ వ్యాసం. రాయకపోతే ఇదిగో అదే తరగతిలో మూడో ఏడు కూర్చోవాలి. కండక్టరమ్మ వెనక బెంచీ మీద ఉండొచ్చు గాని నోరు మెదపకూడదని షరతు.

పిల్ల చకచకా రాసుకుపోతోంది. సరిగ్గా పదిన్నరకి, సగం టైము అయిందని చెప్పడానికి, వరండాలో అటెండరు ఇనప కడ్డీ మీద ఒక్కటి కొట్టాడు.

ఇదిగో కలం కింద పెట్టేసింది. చేతులు కట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

అలిసిపోయిందేమో అనుకుంది కండక్టరమ్మ. ఐదు నిమిషాలయింది. ఎనిమిది. పిల్ల ముఖంలో ఏ కంగారూ లేదు. స్టాపులో ఆగిన బస్సులో జనం ఎలా కూర్చుంటారో అలా కూర్చుంది. అప్పుడు తట్టింది: అది సింగిల్ బెల్.

నోరు తెరవబోతే కాపలా టీచరు వేలు చూపించింది. కండక్టరమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి వరండాలోకి నడిచింది.

"తమ్ముడూ, ఇంకో రెండు కొట్టు."

"రెండు కొడితే భోజనాలక్కా. బడి మొత్తం పళ్లేలు పట్టుకుని బయటికొస్తుంది."

"రానీ. ఆకలి లేనివాళ్లు వెనక్కి పోతారు."

"పెద్ద టీచరు నా తోలు తీస్తుంది."

"నాది తీయమని చెప్పు. సుత్తి ఇటియ్యి."

టంగ్ టంగ్. నాలుగు వందల మంది పళ్లేలతో వచ్చి వరసలు కట్టారు. వంటామె చీపురుతో పరిగెత్తుకొచ్చి, ఇంకా పొయ్యే వెలిగించలేదని వాళ్లకి చెప్తే ఒక్కరూ నమ్మలేదు. వాసన కూడా వస్తోందన్నాడొకడు. పరీక్ష గదిలో కాపలా టీచరు తనకి తెలియకుండానే టిఫిను డబ్బా మూత తీసింది.

ఇదిగో కలం తీసుకుంది.

పెద్ద టీచరు విసవిసా వచ్చింది. "ఎవరు కొట్టింది?"

"నేనే," అంది కండక్టరమ్మ, పరీక్ష గది గుమ్మానికి చెయ్యి అడ్డంపెట్టి. "ఎన్ని తిట్లయినా పడతా గాని, కదిలే బండి ఎక్కకండమ్మా."

పెద్ద టీచరు లోపలికి చూసింది. గుమ్మంలో పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. వెనక నాలుగు వందల ఖాళీ పళ్లేలు మోగుతున్నాయి.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా ఇదిగో పేజీ అడుగుకి చేరింది. కాగితం తిప్పింది.

"మనం అడిగింది ఒక పేజీయే కదా," అంది పెద్ద టీచరు, గొంతు తగ్గించి.

కండక్టరమ్మ గుమ్మానికి అడ్డంపెట్టిన చెయ్యి తియ్యలేదు. కాగితానికి ఆ పక్క ఎన్ని స్టాపులుంటాయో ఆమె నేర్పలేదు.