అప్‌డేట్ తర్వాత ఆగిపోయిన గొంతు

2024 వానాకాలం. జహీరాబాద్‌లో మెయిన్ రోడ్డు మీద, మందుల దుకాణం పైన నా ల్యాప్‌టాప్ రిపేరు షాపు. కింద లారీ పోయినప్పుడల్లా అల్మారాలో స్క్రూడ్రైవర్లు గలగలమంటాయి. మెట్లెక్కి వచ్చినవాళ్లు నన్ను చూసి మొదట అడిగేది, "మేడం, సార్ లేడా?" అని. ఉన్నాడు, ఇంట్లో పప్పు వండుతున్నాడు అని చెబుతాను. కొందరు నవ్వుతారు, కొందరు వెనక్కి తిరిగి దిగిపోతారు. పోతే పోనీ, నాకేం!

ఆ రోజుల్లో పెద్ద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి వచ్చింది. ఇక షాపు నిండా ఒకటే ఏడుపు: "నిన్నటిదాంక మంచిగుండె మేడం, అప్‌డేట్ అయినంక బ్యాటరీ ఆగుతలేదు." ఇలాంటివి చాలామటుకు వాటంతట అవే సర్దుకుంటాయి. అప్‌డేట్ అయ్యాక మెషీన్ తనలోని ఫైళ్లన్నీ మళ్లీ చదివి గుర్తు పెట్టుకుంటుంది. దాన్ని ఇండెక్సింగ్ అంటాం. అది నడిచినంతసేపు ఫ్యాను హోరుమంటుంది, బ్యాటరీ హరించుకుపోతుంది. ఛార్జర్ పెట్టి ఒక రోజు ఊరుకోండి అంటే మాత్రం జనానికి నచ్చదు. వాళ్ల కళ్ల ముందు ఏదో ఒకటి విప్పితేనే పని చేసినట్టు లెక్క. చెప్పీ చెప్పీ నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ విసుగులో ఉండగానే ఒక సాయంత్రం శరణప్ప కాకా వచ్చాడు. అప్పటికి ఆయన పేరు నాకు తెలియదు. అరవై దాటిన మనిషి, మెడ చుట్టూ తువ్వాలు, యూరియా సంచిలో చుట్టిన పాత ల్యాప్‌టాప్. వానకు తడిసిపోయి ఉన్నాడు. ఏమైంది అని అడిగాను. పలకలేదు. మళ్లీ అడిగాను. చేత్తో ఏదో సైగ చేశాడు.

"నోట్ల ముత్యాలున్నయా ఏంది? చెప్తేనే గద తెలిసేది!" అన్నాను కాస్త గట్టిగానే.

ఆయన తువ్వాలు తొలగించాడు. మెడ కింది భాగంలో చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. నేను లేచి కుర్చీ ఆయన వైపు జరిపాను. ఆయన మాత్రం ఏమీ అనుకోనట్టు ప్లగ్గు వెతికి ఛార్జర్ పెట్టుకుని, ల్యాప్‌టాప్ తెరిచి, పది వేళ్లతో టకటకా కొట్టాడు. కీబోర్డు వైపు చూడనైనా చూడలేదు. మెషీన్ మాట్లాడింది. బిందెలో మూతి పెట్టి మాట్లాడినట్టున్న మగ గొంతు.

"బిడ్డా, కోపం జెయ్యకు. నేను గిట్లనే మాట్లాడుత."

అలా ఆయన టైపు చేస్తుంటే, మెషీన్ చెబుతుంటే, సంగతంతా తెలిసింది. ఊరు న్యాల్‌కల్ దగ్గర. చక్కెర ఫ్యాక్టరీ కాంటా ఆఫీసులో చెరుకు బండ్ల తూకాలు కంప్యూటర్‌లో ఎక్కించే ఉద్యోగం చేసి దిగిపోయాడు. తర్వాత గొంతు క్యాన్సర్ వచ్చింది. ప్రాణం దక్కింది కానీ డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. భార్య నాగమ్మకు చదువు రాదు, కాగితం మీద రాసి చూపిస్తే లాభం లేదు. అందుకని మేనల్లుడు ఒకతను, రాసింది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఇందులో వేసిచ్చాడు. మూడేళ్లుగా మొగుడూ పెళ్లాల మాటలన్నీ దీంట్లోనే.

"ఫోన్ల గూడ వస్తది గద కాకా?" అన్నాను.

"ఫోన్ల నేను ఒక మాట రాసేలోపల నాగమ్మ రెండు పనులు జేసుకొని పోతది. దీంట్లయితే మాటకు మాట."

ఇప్పుడు నాగమ్మకు జ్వరం ఎక్కువై, బైపాస్ పక్కన ఒక ప్రైవేటు దవాఖానలో పెట్టారు. మంచం దగ్గరున్న ప్లగ్గులన్నీ ఆమె ఆక్సిజన్‌కు, ఇతర మెషీన్లకు పోయాయి. బయటి నుంచి వైరు లాగుదామంటే ట్రాలీలు తిరిగే దారి, సిస్టర్ వద్దంది. అందులోనూ న్యాయముంది. బ్యాటరీ మీద నడిపిద్దామంటే, అప్‌డేట్ అయినప్పటి నుంచి నాలుగు మాటలకే ఠక్కున ఆగిపోతోంది. నాగమ్మ కళ్లు మూసుకునే ఉంటోంది. పక్కన కూర్చున్నది ఎవరో గొంతు వింటేనే ఆమెకు ఎరుక.

ఇలాంటి మొండి మెషీన్‌కు మా పనిలో సులువైన దారి రీసెట్. అన్నీ తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం. దానికి ముందు ఎవరినైనా అడిగే మాటే ఆయననూ అడిగాను. "ఇందుల దాచుకునేటివి ఏమన్న ఉన్నయా కాకా? ఫోటోలు, ఫైళ్లు?"

ఆయన వేళ్లు కదిలాయి. "నా గొంతున్నది."

రీసెట్ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ సాఫ్ట్‌వేర్ కోసం నెట్‌లో వెతికాను. తయారు చేసినవాళ్లు ఎప్పుడో మానేశారట, దొరకలేదు. ఆ ఫైళ్లను నా దగ్గరున్న ఇంకో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి చూశాను, అందులో అది లేవనే లేదు. ఇక చేసేదేముంది, ఆ ల్యాప్‌టాప్‌లోనే ఇప్పటి తెలుగు గొంతు ఒకటి వేసి, "ఇది బాగుంటది, మనిషి మాట్లాడినట్టే ఉంటది. ఇయ్యాలకు దీంతోని నడిపియ్యి" అని ఇచ్చి పంపాను. పాతదాన్ని ఛార్జర్‌కు పెట్టి, ఇండెక్సింగ్ పూర్తయ్యేదాకా వదిలేశాను.

మర్నాడు షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేనిచ్చిన ల్యాప్‌టాప్ నా చేతిలో పెట్టేశాడు.

"ఏమైంది? పని జెయ్యలేదా?"

ఆయన దాన్నే తెరిచి టైపు చేశాడు. కొత్త గొంతు, రేడియోలో వార్తలు చదివినంత స్పష్టంగా చెప్పింది. "మంచిగనే పనిజేసింది. ఈ గొంతు ఇనంగనే నాగమ్మ మొకం అటు తిప్పుకున్నది. గీ మనిషెవరు, నా మనిషిని పిలువుండ్రి అన్నది."

పాత గొంతు నాగమ్మ పేరును కూడా సరిగ్గా పలకదట. "నాగ" దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకున్నట్టు కాస్త ఆగి, "అమ్మ" అంటుందట. మొదట్లో ఆమె పడీ పడీ నవ్వేదట. తర్వాత అదే అలవాటైంది. అదే ఆమె మొగుడి పిలుపైంది. నా ఇంట్లో మాటలెక్కువ, అరుపులెక్కువ. గొంతు ఇంత ముఖ్యమని నేనెప్పుడూ అనుకోలేదు.

వెంటనే పాత మెషీన్ ముందేసుకున్నాను. ఇండెక్సింగ్ అయిపోయింది, ఫ్యాను చల్లబడింది. ఛార్జర్ తీస్తే మళ్లీ అదే కథ. నలభై శాతం ఉందని చూపిస్తూనే చీకటైపోయింది. అప్‌డేట్‌తో పాటు బయోస్ కూడా మారింది. బయోస్ అంటే స్విచ్చు వేయగానే అన్నిటికంటే ముందు లేచే లోపలి ప్రోగ్రాం. దాన్ని పాతదానికి మార్చాను. తేడా లేదు. ఇక బ్యాటరీ రిపోర్ట్ తీశాను, అంటే బ్యాటరీ ఎప్పుడెంత ఛార్జీ పట్టుకుందో మెషీన్ తానే రాసుకునే చిట్టా. అప్‌డేట్‌కు నెలల ముందు నుంచే అది తగ్గుతూ వస్తోంది. వెనక మూత విప్పితే బ్యాటరీ ఒక పక్క ఉబ్బి ఉంది.

"అప్‌డేట్‌ది తప్పు లేదు కాకా," అన్నాను. "బ్యాటరీ ఎప్పటి నుంచో పోతనే ఉన్నది. అప్‌డేట్ దినం మెషీన్ మీద బరువెక్కువ పడ్డది, గంతే. గప్పుడు బయటపడ్డది."

ఆయన ఆ ఉబ్బిన బ్యాటరీని వేలితో తాకి చూశాడు. తర్వాత నేనిచ్చిన ల్యాప్‌టాప్‌లోనే మెల్లగా కొట్టాడు. "డాక్టర్ గూడ గిదే మాటన్నడు. జ్వరం కొత్తదే, కిడ్నీలు పాడై మస్తు దినాలైంది అన్నడు. జ్వరమొస్తె బయటపడ్డదట."

ఆమె ఇక ఇంటికి రాదని అప్పుడు అర్థమైంది. ఆయన మొహం చూడలేక స్క్రూలు ఏరుకుంటూ కూర్చున్నాను. ఆ మోడల్ బ్యాటరీ ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. హైదరాబాద్‌లో నాకు సామాన్లిచ్చే అతనికి ఫోన్ చేసి, "భయ్యా, ఏడ దొరుకుతదో నాకు తెల్వది, రేపటి బస్సుకు పడాలె" అన్నాను. మేడం తిట్లకు భయపడ్డాడో ఏమో, తెచ్చి పార్శిల్ వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం బస్టాండుకు పోయి పార్శిల్ తెచ్చుకుని, బ్యాటరీ బిగించి, ఛార్జీ నింపి, ఛార్జర్ లేకుండా నడిపి చూశాను. ఆగకుండా నడిచింది. కాకాకు ఫోన్ చేద్దామంటే, ఎత్తి ఆయన చెప్పేదేముంది? షట్టర్ దింపి నేనే తీసుకుపోయాను.

ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చెయ్యి ఆయన చేతిలో ఉంది. దవాఖానలో చేరినప్పటి నుంచీ తిండికీ, నా షాపుకూ తప్ప ఆయన అక్కడి నుంచి లేచిందే లేదని సిస్టర్ చెప్పింది. నాగమ్మ కళ్లు మూసుకుని ఉంది. చిన్న మనిషి, నుదుట బొట్టు సగం చెరిగి ఉంది. ల్యాప్‌టాప్ ఆయన ఒడిలో పెట్టాను. ఆయన ఆమె చెయ్యి వదిలి టైపు చేశాడు.

"నాగ... అమ్మ. నేనే."

ఆమె కళ్లు తెరిచింది. గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"గిన్ని దినాలు ఏడికి వోయినవ్?" అంది. "ఒక్కదాన్నే ఉన్న గద."

కాకా ఆమె వైపు వంగి కొట్టాడు. "ఏడికి పోలే. ఈడనే ఉన్న" అంది మెషీన్.

"లేవు. నేను పిలిచిన. నువ్వు పలకలే."

ఆయన ఇంక వాదించలేదు. "తప్పయింది. ఒచ్చిన" అని కొట్టాడు. ఆమె చేయి చాపి ల్యాప్‌టాప్ అంచు పట్టుకుంది. అక్కడ నిలబడలేక బయటకు వచ్చేశాను. వరండాలో గోడకు ఆనుకుని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. రిపేరు చేసి ఏడ్చింది అదొక్కసారే.

ఆ వారంలోనే నాగమ్మ పోయింది. చివరిదాకా బ్యాటరీ ఆగలేదు.

అప్‌డేట్ తర్వాత వచ్చిన ప్రతి జబ్బూ అప్‌డేట్ వల్ల వచ్చింది కాదు, రీసెట్ చేసే ముందు రిపోర్ట్ చూడాలి. ఇవి ఈ పనిలో ఎవరైనా నేర్చుకునేవే. మనిషి చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నా అవతలి మనిషికి లేనట్టే కావచ్చన్నది మాత్రం నేను ఈ కేసులోనే తెలుసుకున్నాను. ఆ తర్వాత మెషీన్లను వచ్చిన వరసలో విప్పడం మానేశాను. ఇది ఆగితే మీ ఇంట్లో ఎవరి పని ఆగుతుందని ముందే అడుగుతాను. చాలామంది, ఈ మేడంకు అవన్నీ ఎందుకని నవ్వుతారు. కొందరు మాత్రం జవాబు చెప్పబోయి, చెప్పలేక తల దించుకుంటారు. వాళ్లది ముందు విప్పుతాను.