బోర్డింగు బావి దగ్గర నీళ్లు పోసినామె

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. చింతచెట్టు కింద ఏదో కనబడిందని బడిపిల్లలు జడుసుకుంటే, చెయ్యి పట్టుకుని ఆ చెట్టు కిందికే తీసుకెళ్లి ఎక్కాలు చెప్పించిన పంతులమ్మను నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎస్తేరమ్మకు కూడా మతి పోయిందంటారు. అననీ, ఈ వయసులో నాకేం.

అప్పుడు మనది మద్రాసు రాజధాని. మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. అక్కడ ఆడపిల్లలు పంతులమ్మ పనికి చదువుకునే మిషను వాళ్ల ట్రైనింగు స్కూలు ఒకటి ఉండేది. చదివే పిల్లలంతా దాని వెనక బోర్డింగులో ఉండాలి. మాది కొనకనమిట్ల దిక్కు. ఊరికి ఎడంగా విసిరేసినట్టుండే పల్లె, అందరూ కూలి చేసుకునే క్రైస్తవులే. మా పల్లెలో అంత దూరం చదువుకు పోయిన మొదటి ఆడపిల్లను నేనే.

నాయన నా రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని నన్ను నడిపించుకు వచ్చాడు. గేటు దగ్గర పెట్టె దించి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఏడ్చుకుంటా వెనక్కి మాత్రం రాబాకమ్మా. నువ్వు వచ్చినావంటే మన పల్లెలో ఇంకే ఆడపిల్లనూ పంపరు" అన్నాడు.

అని, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. చూస్తే నేను వెంటపడతానని ఆయనకు తెలుసు.

మా ఇంట్లో ఒకే బొంత కింద అందరం పడుకునేవాళ్లం. ఎవరి కాలు ఎవరిదో తెలిసేది కాదు. ఇక్కడ ఎవరి చాప వాళ్లది. తక్కిన పిల్లల్లో చాలామంది మార్కాపురం, గిద్దలూరు మిషను కాంపౌండుల్లో పెరిగినవాళ్లు. ఒకరికొకరు చుట్టాలో, చిన్ననాటి నుంచి ఎరిగినవాళ్లో. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండు అనిపించేది. పలకరించే దిక్కు లేక, దుప్పటి ముసుగు పెట్టుకుని నా పేరు నేనే పిలుచుకున్నాను, ఏం చెప్పను.

కొత్తగా చేరిన పిల్లలు వంతులవారీగా వంటింటి నీళ్ల గాబు నింపాలి. నాకు మధ్యాహ్నం వంతు పడింది, అందరూ కుట్టుపని క్లాసులో ఉండే వేళ. "పని ఎగ్గొట్టే పిల్లను ఇంటికి పంపించేస్తా, ఇదేం సత్రం కాదు" అని బోర్డింగు చూసుకునే మేట్రనమ్మ మొదటిరోజే గట్టిగా చెప్పింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఊరి బావి గట్టు మేం ఎక్కకూడదు. తాడు ముట్టకూడదు. కడవ పట్టుకుని కింద నిలబడితే, ఊళ్లోవాళ్లలో ఎవరికైనా దయ పుట్టి, తోడి పైనుంచి పోస్తారు. సగం కడవలో, సగం మన నెత్తిమీద. బుద్ధెరిగినప్పటి నుంచి అమ్మ పక్కన అట్లాగే నిలబడినదాన్ని. బోర్డింగు బావిని ఎవరైనా ముట్టుకోవచ్చని నాకెవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి, పనిగట్టుకుని ఎవరు చెబుతారు!

మొదటి మధ్యాహ్నం కడవ తీసుకుపోయి గట్టు కింద నిలబడ్డాను. ఆ గట్టంతా పలకరాళ్లు పరిచి ఉండేవి. ఎండకు వెలవెలబోయి ఉంటాయి, ఒక్క చుక్క పడితే చాలు అక్కడ నల్లగా మచ్చ కడుతుంది. ఎండ మాడుస్తోంది. గాబు ఖాళీ. కాళ్లు కాలుతున్నా కదలకుండా నిలబడ్డాను.

"వచ్చినావా? పట్టు కడవ."

తలెత్తితే గట్టు మీద ఒకామె. మా అమ్మకంటే పెద్దది. వెలిసిపోయిన కావిరంగు చీర, బోడి చేతులు. మిషను దొరల బంగళాలో పనిమనిషి అనుకున్నాను. ఆమె నడుం వంచి, బొక్కెన అంచును నా కడవ మూతికి ఆనించి పోసింది. చుక్క కింద పడలేదు. ఆమె వేళ్లు నా కడవకు తగిలాయి. ఏమంటుందోనని హడలిపోయి కడవ వెనక్కి లాక్కోబోయాను.

"ఏందమ్మే, పట్టుకో సరిగ్గా" అని కసిరింది, అంతే.

గాబు నిండేదాకా పోసింది. చివరి కడవకు, "అన్నం తిన్నావా?" అని అడిగింది. నేను బోర్డింగుకు వచ్చాక ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. తల ఊపాను.

అప్పటి నుంచి రోజూ వచ్చేది. పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టాక మెల్లగా నాకు నోరు పెగిలింది. తమ్ముడి సంగతి, చూలుతో ఉన్న మా మేక సంగతి, లెక్కలు తలకెక్కని సంగతి, అన్నీ చెప్పుకునేదాన్ని. ఆమె "అట్లనా" అనేది. ఆ ఒక్క మాట కోసం పొద్దున్నుంచి కాచుకుని ఉండేదాన్ని. ఒకరోజు ఇక నా వల్ల కాదని పెట్టె సర్దుకుని కూడా, పెద్దమ్మకు చెప్పి పోదామని మధ్యాహ్నందాకా ఆగాను. ఆగాక పోలేకపోయాను.

రెండో సంవత్సరం చదివే సుగుణక్క ఒకనాడు నేను నీళ్లు మోసిన వెంటనే బావికి పోయింది. పోయినంత వేగంగా వంటింట్లోకి వచ్చింది.

"నువ్వు నీళ్లు యాడనుంచి తెస్తుండావమ్మే? చేంతాడు ఎండిపోయుంది. బొక్కెనలో తడే లేదు. గట్టు మీద రాళ్లు చూడు పో" అంది.

పోయి చూశాను. నిజమే. నల్లటి మచ్చ ఒక్కటి లేదు. గాబు మాత్రం అంచుదాకా నిండి ఉంది.

నేను చెరువు నీళ్లు తెచ్చి పోస్తున్నానని మాట పుట్టి మేట్రనమ్మ దాకా పోయింది. "అందరికీ రోగాలు తెచ్చిపెడతావా? రేపు నా ముందర నింపు. లేదంటే పెట్టె సర్దుకో" అంది. నాయన మాట గుర్తొచ్చి ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

మరునాడు మేట్రనమ్మ వేపచెట్టు నీడన నిలబడింది. నేను ఎప్పటిలాగే గట్టు కింద కడవ పట్టుకుని నిలబడ్డాను. పెద్దమ్మ రాలేదు.

"ఎవురి కోసం చూస్తుండావు?"

"నీళ్లు పోసే పెద్దమ్మ కోసం."

"ఈడ నీళ్లు పోసే మనిషెవురూ లేరే. ఎవురికి వాళ్లే తోడుకోవాల."

నేను గట్టు వైపు చూసి, "నేను ఎక్కొచ్చునా అమ్మా?" అని అడిగాను.

మేట్రనమ్మ ముఖం మారిపోయింది. నా చెయ్యి పట్టుకుని గట్టెక్కించి, చేంతాడు నా చేతికిచ్చి "లాగు" అంది. మొదటి బొక్కెన సగం ఒలికిపోయింది. అరచేతులు మండాయి. పలకరాళ్లు నల్లబడ్డాయి. నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆమె ఏడవొద్దు అనలేదు.

ఎండకు తల తిరిగి నువ్వే తోడుకుని ఉంటావులే అంది తర్వాత. మరి తాడు ఎందుకు తడవలేదమ్మా అంటే మాట మార్చేసింది.

ఆ పెద్దమ్మ మళ్లీ కనబడలేదు. బంగళాలో అడిగాను, తోటలో అడిగాను. అట్లాంటి మనిషే లేదన్నారు. నీళ్లు తోడుకోవడం వచ్చినందుకు సంతోషించాలి కదా, నా చేత కాలేదు. ఆ ఏడాదంతా మధ్యాహ్నాలు బావి దగ్గర నేనూ, గిలక చప్పుడూ. ఒక్కోసారి ఎవరూ చూడకుండా తాడు వదిలేసి, కిందికి దిగి, కడవ పట్టుకుని నిలబడేదాన్ని.

నేను రెండో సంవత్సరానికి వచ్చాక తర్లుపాడు దిక్కు నుంచి ఒక పిల్ల కొత్తగా చేరింది. ఎవరితోనూ మాట్లాడదు. ఒక మధ్యాహ్నం పోయి చూద్దును కదా, గట్టు కింద కడవ పట్టుకుని నిలబడి ఉంది. గబగబా గట్టెక్కి తాడు అందుకున్నాను. పైకి రామ్మే, ఇది మనందరి బావే అని చెప్పబోయాను.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "రోజూ పోసే పెద్దమ్మ రాలేదా అక్కా?" అంది.

చేతిలో తాడు చూసుకున్నాను. పొడిగా, గరుకుగా ఉంది.

"అన్నం తిన్నావా అని అడుగుతాదా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వి తల ఊపింది. ఆ పిల్ల నవ్వడం నేను చూడటం అదే మొదలు.

నాకు అసూయ పుట్టిందంటే నమ్ముతారా? పుట్టింది. నాకు రానామె దీనికి వస్తోందే అని కడుపు మండింది. నేర్పించాల్సింది నేనేనని తెలుసు. తాడు ఆ పిల్ల చేతికి ఇచ్చానంటే ఇక ఆమె రాదనీ తెలుసు.

ఎవరామె అని నన్ను అడగొద్దు. దయ్యాల్లేవనే ఇప్పటికీ చెబుతాను. కానీ ఆ గాబులో నీళ్లు ఎక్కడివో ఈనాటికీ నాకు తెలియదు. ఆ రోజు మాత్రం తాడు వదిలేసి గట్టు దిగాను. "వస్తాదిలే, ఉండు" అని చెప్పి, నాలుగు రోజులు పోయాక నేర్పిద్దాంలే అనుకుంటూ క్లాసుకు వెళ్లిపోయాను.