రంపం నుదుటి బొట్టు

టెక్కలిలో ఉదయశంకర్ ఇంటి వసారా గోడకి పాత రంపాలు వేలాడుతుంటాయి. సముద్రం వైపు నుంచి గాలి వచ్చినప్పుడు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. ఇంగ్లండులో పెద్దగా పేరు లేని చిన్న కార్ఖానాల్లో పుట్టి, ఇక్కడి పనసల్నీ టేకుల్నీ కోసి, చివరికి పలాస పాత ఇనుప కొట్లలో తేలినవి. గుమాస్తా ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వాటి వయసు చెప్పడం అతని ఇష్టం. పిడికి బిగించిన ఇత్తడి మరలు చెక్కలోకి సమంగా దిగాయా, గుండీల్లా పైకి ఉబ్బాయా? రేకు మీద పేరు సుత్తితో గుద్దారా, యాసిడ్‌తో చెక్కారా? అలా చూసి కాలం చెబుతాడు.

అతని పేరు విని ఎర్రమ్మ సంతబొమ్మాళి దగ్గర్నుంచి వచ్చింది. పాత చీరలో చుట్టిన రంపం ఒళ్లో పెట్టుకుంది. వెంట తమ్ముడు రామూర్తి.

"మా నాయిన వడ్రంగి బాబూ. జపానోళ్ల యుద్ధంలో రంగం నుంచి దీన్ని బుజానేసుకొని నడిసొచ్చినాడు," అంది. బర్మాలోని రంగూన్‌ని ఉద్దానంలో ఇప్పటికీ రంగమనే అంటారు.

రామూర్తి అక్కని చూసి నవ్వాడు. "పలాస సంతలో కొన్నాడే అప్పా. నాయిన కోతలు కొయ్యడంలో దిట్ట. రంపంతోనూ, నోటితోనూ."

"నోర్ముయ్‌రా! తిత్లీ తుపానుకి ఇల్లు పోయింది, నాయిన ఫొటో పోయింది. మిగిలింది ఇదొక్కటే. ఆయన మాట నిజమో కాదో సెప్పు బాబూ."

ఉదయశంకర్ చీర విప్పాడు. పిడి పనసచెక్కది, మరలు కొత్తవి. తండ్రి తర్వాతెప్పుడో మార్చుకున్నాడు. అక్కడ ఆనవాలు లేదు. రేకు అద్దంలా మెరుస్తోంది.

"ఎవరు తోమారిది?"

"నానే. మీ ఇంటికి తెత్తన్నామని ఇటుక పొడేసి దీపం కుందిలా తోమినాను," అన్నాడు రామూర్తి గొప్పగా.

"అయ్యో, దాని వయసంతా తోమేశావయ్యా!"

అయితే రేకు మధ్యన రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు గట్టిగా అంటుకుని ఉంది. ఎన్ని దసరాలవో, ఒకదాని మీద ఒకటి.

"అది మటుకు అప్ప ముట్టుకోనివ్వనేదు. నాయిన ఏటా అక్కడే నూని రాసి బొట్టెట్టేవోడు. రంపానికి అదే మొగమనేవోడు."

"దాని కింద ఏమైనా ఉండొచ్చు. తియ్యాలమ్మా."

ఎర్రమ్మ చటుక్కున రంపం లాక్కుంది. "నా నుదుట ఎలాగూ నేదు. దీనిదీ సెరిపీమంటావేటి?"

గోడ మీద రంపాలు మెల్లగా మోగాయి.

"వద్దులెండమ్మా," అన్నాడు ఉదయశంకర్.

ఆమె చాలాసేపు ఆ ఎర్రటి మచ్చకేసే చూసింది. "తీసిన సేతితోనే మళ్లీ ఎడతావా?"

"పెడతాను."

కొబ్బరినూనెలో దూది ముంచి అద్దాడు. ఎరుపు కరిగి, పాత ఎరుపు వచ్చింది. అదీ కరిగాక, వాన వెలిసిన ఆకాశం రంగులో ఉక్కు కనిపించింది. దాని మీద సన్నగా చెక్కిన కిరీటం. చదువు రాని వడ్రంగికి ముఖంలా తోచింది అదేనేమో. కిందున్న తయారీదారు పేరు అరిగిపోయింది. ఇంగ్లండులోని షెఫీల్డ్ అన్న ఊరి పేరు మిగిలింది. ఆ కింద, అమ్మిన వర్తకుడి పేరులో సగం. చివర మరో ఊరు.

ఉదయశంకర్ ఒక్కో అక్షరం వేలితో తడుముతూ పైకి చదివాడు. "రం... గూ... న్."

ఎర్రమ్మ కళ్లు మూసుకుంది.

"చెక్కిన తీరు చూస్తే యుద్ధానికి ముందుదేనమ్మా. మీ నాన్నగారు రాసిన నూనే దీన్ని కాపాడింది. మీరు అడ్డుపడకపోతే ఇదీ పోయేది."

రామూర్తి తల గోక్కున్నాడు. "అయితే నాయిన కోతలు కొయ్యనేదే అప్పా."

"ఇటుక పొడి నీ మొగానికి ఎట్టాల," అంది ఆమె. ఏడుస్తూనే నవ్వింది.

ఉదయశంకర్ లోపలికి చూసి భార్యని కేకేశాడు. "జానకీ, కుంకుమ భరిణ ఇలా తే."

పేరు చెరిగిన ఆ షెఫీల్డ్ మనిషికీ, పేరు చదవలేకపోయినా ఏటా మొక్కిన వడ్రంగికీ మనసులోనే దండం పెట్టుకుని, నూనె రాసి, ఉంగరం వేలితో కుంకుమ తీశాడు. వేలు రేకు మీదికి తెచ్చాడు.

"ఇంకాస్త పైకి బాబూ," అంది ఎర్రమ్మ. "ఆఁ... అక్కడే."